చేలూరు దాటని డబ్బా

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ గింజ ఒక్క క్షణం మొండికేస్తుంది, మరుక్షణం జారిపోతుంది. తోలు వేళ్ళకు అంటుకుని మిగిలితే పప్పు పళ్ళెంలోకి దూకుతుంది, లేత పచ్చగా, నున్నగా, అప్పుడే కళ్ళు తెరిచినట్టుగా. నానిన అనపగింజలు బేసిను నిండా ఉన్నాయి. బేసినుకు అటువైపు మేనత్త లక్ష్మీనరసమ్మ, ఇటువైపు వినుత, పితుకుతున్నారు. బాగేపల్లిలో మార్గశిరపు చలి మధ్యాహ్నానికి కూడా పూర్తిగా వదలదు. పెరటి వసారాలో ఎండ ఒక చాప మేర మాత్రమే పరుచుకుంటుంది, ఆ చాప మీదనే ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. సాయంత్రానికి చింతామణి నుంచి పురుషోత్తమ్ వస్తాడు, అతని తల్లి వస్తుంది, మేనమామలు వస్తారు. చిక్కబళ్ళాపురం నుంచి నాన్న వెంకటరమణప్ప, అమ్మ, తమ్ముడు చేతన్, మరదలు ఆశ వస్తారు. రాగిముద్ద, పితికిపప్పు పులుసు, ఒబ్బట్లు. తిన్నాక తాంబూలం మార్చుకుంటారు. తాంబూలం మార్చుకుంటే ఈ సీమలో పెళ్ళి సగం అయినట్టే. ఆ తర్వాత కాదన్న పిల్ల పేరు రెండు తాలూకాల్లో నలుగుతుంది. కాదనాలంటే ఈ పప్పు పితికేలోపలే అనాలి. సరేననాలన్నా ఈ పప్పు పితికేలోపలే తనకు తాను చెప్పుకోవాలి. ముప్ఫై ఆరేళ్ళ వయసులో, ఇన్నాళ్ళూ వద్దనడం ఒక్కటే నేర్చుకున్న నోటికి, సరే అన్న మాట ఎక్కడ పుడుతుందో, గొంతులోనా, కడుపులోనా, ఇంకా అంతు చిక్కడం లేదు.

"పాపా, తోలు పప్పులో కలుస్తాండాది చూడు," అంది అత్త తల ఎత్తకుండానే. "మనసు యాడ పెట్టినావు?"

"ఈడనే ఉండా అత్తా."

"ఉండావులే."

మనసు ఇక్కడ లేదని ఇద్దరికీ తెలుసు. మంచు పట్టిన అనపకాయకు ఒక జిడ్డు వాసన ఉంటుంది, సొగడు అంటారు ఈ సీమలో; అది ఒకసారి వేళ్ళకు పట్టుకుంటే సబ్బుకు పోదు. ఏ యేటిదైనా ఆ వాసన ఒకటే. కళ్ళు మూసుకుంటే ఇది ఈ యేటి మార్గశిరమో, తన పదో యేటి మార్గశిరమో తెలియదు. ఆనాడూ ఇదే వసారా, ఇదే వాసన, ఇదే అత్త. అప్పటి అత్తకు జడ నడుము దిగేది, నవ్వితే చెంపలు సొట్టలు పడేవి, అయితే ఆ చలికాలం ఆమె నవ్వడం లేదు. చింతామణి నుంచి రేకుపెట్టెతో పుట్టింటికి వచ్చి కొన్ని వారాలే అయింది. ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పరు, అడిగితే అమ్మ కళ్ళతోనే కసురుతుంది. మామ మునికృష్ణప్ప కొట్టాడా అంటే కొట్టలేదు, తాగుతాడా అంటే తాగడు, ఇంకొకతె ఉందా అంటే లేదు. మరి ఎందుకొచ్చింది అని బావి దగ్గర ఒక ప్రశ్న, అంగడి దగ్గర ఒక ప్రశ్న, నాన్న మొహంలో ఒక ప్రశ్న. రేపు పొద్దున చింతామణి నుంచి పెద్దమనుషులు వస్తారు, నాలుగు మాటలు చెప్పి పంపేద్దాం అని నాన్న అమ్మతో అంటున్న ఆ సాయంత్రం, పితుకుతున్న పప్పు అట్లే వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుని అత్త లేచింది. పాపా, సినిమాకు పోదాము రా, అంది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ చేతిని పట్టుకుని నడిచిన దారి, దారి పక్క రాగి చేలు కోసిన మోళ్ళు, మోళ్ళ మీద వాలిన పొగమంచు, దూరంగా టెంటు మైకులో నుంచి సగం గాలికి పోయి సగం మిగిలిన పాట, ఇవన్నీ ఆమెకు ఇప్పటికీ వరుస తప్పకుండా వస్తాయి, ఎవరో లోపల కూర్చుని ఒక్కొక్కటే అందిస్తున్నట్టు.

టెంటులో ముందు ఇసుక నేల, వెనుక బెంచీలు, ఇంకా వెనుక మడతకుర్చీలు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ నడుమ నడుమెత్తు గోడ. ఇసుకను కుప్ప చేసుకుని దాని మీద కూర్చుంటే తెర బాగా కనబడుతుంది. చెనక్కాయల తొక్కులు, బీడీ పొగ, పసిపిల్లల ఏడుపు, అన్నిటి మీదా గుడారపు గుడ్డ గాలికి ఉబ్బి తగ్గే చప్పుడు. సినిమా అప్పటికే పాతది. కథలో పెద్ద ఇల్లు, ఆ ఇంటికి ఒక కోడలు, ఆమె నడుముకు తాళాలగుత్తి. ఆమె నడిచినప్పుడల్లా ఆ గుత్తి ఆమె కంటే ముందు పలుకుతుంది. భర్త చెడ్డవాడు కాదు. కూర బాగుందంటాడు, పండగకు చీర తెస్తాడు, జ్వరమొస్తే వైద్యుణ్ణి పిలిపిస్తాడు. అయితే మొదటి నుంచీ ఒక్కసారి కూడా ఆమెను పేరు పెట్టి పిలవడు. ఇదిగో అంటాడు, ఏమే అంటాడు, అవసరమైతే గొంతు సవరించుకుంటాడు. పిలవకపోవడమే కథ అని పదేళ్ళ పిల్లకు తెలియలేదు గాని, ఈమె పేరేమిటో ఎప్పుడు చెబుతారా అని ఎదురుచూడటం మాత్రం తెలిసింది. చివరికి ఒక పొద్దున ఆమె ముగ్గు వేసిన వాకిలి దాటి, తాళాలగుత్తి గడప మీద పెట్టి, చేతిసంచితో ఊరి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. ఎంతవరకమ్మా అని కండక్టరు అడిగితే, ఈ బస్సు ఎంతవరకు వెళ్తే అంతవరకు అంది. అద్దం పక్కకు జరిపింది. గాలి వచ్చి ముంగురులు రేపింది. ఆమె నవ్వలేదు, ఏడవలేదు, ఊరికే బయటికి చూసింది, ఊరికే చూడటానికి కూడా ఒక మొహం ఉంటుందని వినుతకు ఆ క్షణమే తెలిసింది. తెర ఒకసారి తెల్లబోయింది, గీతలు గీతలుగా వణికింది, శుభం అన్న అక్షరాలు పడ్డాయి.

"ఏమప్పా ఇది, మొగుడు యాడికి పాయ?" అని బెంచీల మీది నుంచి ఒక గొంతు.

"పెండ్లాన్ని వెతికేదానికి పోయింటాడులే, రేపటి ఆటకి వస్తాడు," అని ఇంకో గొంతు.

నవ్వులు, ఈలలు. అప్పుడు మిషను గది నుంచి ఆపరేటరు ఆంజనేయప్ప తల బయట పెట్టి, "ఇది కొత్త రకం సినిమా అప్పా, బెంగళూరులో అంతా ఇట్లనే ముగిస్తాండారు, పొండి పొండి," అని చేయి ఊపాడు. కొత్త రకం అంటే ఇంకెవరు మాట్లాడతారు. అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే ఇల్లు చేరడమే తేలిక. అందరూ ఇసుక దులుపుకుని లేచారు. అత్త మాత్రం తెల్ల తెర వైపు చూస్తూ కాసేపు అట్లే నిలబడింది. దారిలో, ఆయమ్మ పేరేమత్తా, అని అడిగింది వినుత. చెప్పలేదు కదా పాపా, అంది అత్త. ఆమె చేయి వెచ్చగా ఉంది. టెంటుకు పోయేటప్పుడు చల్లగా ఉండిన చేయి అది.

మరునాడు పెద్దమనుషులు పడసాలలో కూర్చుని కాఫీ తాగారు, వానల గురించి మాట్లాడారు, చెనక్కాయల ధర గురించి మాట్లాడారు, చివరికి గొంతు తగ్గించి అమ్మాయిని పిలవమన్నారు. తలుపు సందులో నుంచి వినుత చూసింది. అత్త వచ్చి ద్వారబంధం దగ్గర నిలబడి, నేను రాను, అంది. కారణం చెప్పమ్మా, చెప్తే కదా దానికి మందు ఆలోచించేది, అన్నాడు ఒక పెద్దాయన. కారణం చెప్తే మీరు మందు చెప్తారు, అందుకే చెప్పను, అంది అత్త. అంత నెమ్మదిగా, అంత చిన్న గొంతుతో చెప్పిన మాటకు పెద్దమనుషులు కాఫీ లోటాలు కింద పెట్టి లేచారు. వాళ్ళు వెళ్ళారు. మామ మరుసటి యేడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అత్త కుట్టుమిషను పెట్టుకుని ఈ ఊరి ఆడవాళ్ళందరి కొలతలూ చేతివేళ్ళలో దాచుకుంది. ఆ పొద్దు తలుపు సందులో నిలబడిన పిల్లకు మాత్రం ఒకటే తెలుసు: నిన్న రాత్రి బస్సెక్కిన ఆమే ఈ పొద్దు మా ద్వారబంధం దగ్గర నిలబడింది. సినిమా అత్తకు ధైర్యమిచ్చింది. సినిమా మనుషులను అట్లా చేయగలదు.

ఆ తర్వాత ఎన్ని సంబంధాలు వచ్చాయని. బెంగళూరు ఇంజనీరు, గౌరిబిదనూరు వైపు హొసూరులో తోటలున్న పిల్లవాడు, సాదలి నుంచి పట్టుగూళ్ళు అమ్మే ఇంటివాళ్ళు. ఒక్కొక్కరు కూర్చుని వెళ్ళిన తర్వాత వినుత లోపల ఒక బస్సు స్టార్టయ్యేది. ఆ ఇంట్లో కోడలైన తనను చూసుకునేది. ఆ ఇంటి గడప మీద తాళాలు పెట్టి బయలుదేరుతున్న తననూ అప్పుడే చూసుకునేది. ఎట్లాగూ దిగిపోవలసిన మెట్లు ఎక్కడమెందుకని వద్దనేది. పెళ్ళంటే ఆమెకు ఎప్పుడూ వెళ్ళిపోయే చోటే గాని చేరే చోటు కాలేదు. చేరిన చోటు శుభం తర్వాత ఉంటుంది కదా, శుభం తర్వాత ఏముంటుందో ఎవరు చూశారు. చిక్కబళ్ళాపురం బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చాక, తమ్ముడి దగ్గరికి అమ్మానాన్నలు అక్కడికే కాపురం మార్చుకున్నాక, అక్కడుంటే నడిచిపోయే బడికి ఆమె ప్రతిరోజూ బాగేపల్లి నుంచే పోయి వస్తుంది. అత్త ఒంటరిగా ఉంటుందని ఆమె త్యాగం చేస్తోందనుకుంటారు అందరూ. నిజం వేరు. ముందువైపు కిటికీ సీటు, పొద్దున్నే చల్లగాలి, ఎడంగా వెనక్కి జరిగే బండరాళ్ళ గుట్టలు, మంచులో సగం మాయమైన గులాబీ తోటలు, అద్దం పక్కకు జరిపి ఊరికే బయటికి చూసే మొహం. ఆ మొహం పెట్టుకోవడానికి ఆమె ఒక్కరోజు కూడా బస్సు తప్పిపోనివ్వలేదు.

చాప మీద ఫోను మోగింది. ఆశ. చేతులు తడిగా ఉన్నాయి, మోచేత్తో స్పీకరు పెట్టింది.

"వదినా, ఏం చేస్తాండారు?"

"పప్పు పితుకుతాండా."

"ఈ పొద్దు కూడా మీరే పితకాలా? గోళ్ళు ఎట్లయి పోయింటాయో. వాళ్ళమ్మ మొదట చేతులే చూస్తుందంట."

"చూడనీ. పప్పు కొనుక్కొచ్చింది కాదని నమ్మకమొస్తుంది."

"మీ తమాషాలు చాలు వదినా. క్లాసులో మాట్లాడినట్లు మాత్రం మాట్లాడొద్దండి వాళ్ళ దగ్గర. ఆయప్ప మంచోడు. ఒకసారి కాపురం చెడినోడు కాబట్టి అణిగి ఉంటాడు. ఇంగ మనకేం కావల్ల చెప్పండి." ఇంకా ఏదో చెప్పబోయి, వెనుక పిల్లల రచ్చకు, మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

"అణిగి ఉంటాడంట," అంది అత్త, గింజ పితుకుతూ. "పురుగుమందు కొట్టినట్లు."

వినుత నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఆగింది. పోయిన ఆదివారం ఆ సినిమా చూడకుండా ఉంటే ఎంత బాగుండేది. పురుషోత్తమ్ వాళ్ళు వస్తున్నారని ఖాయమైన రోజు, కావాలని వెతికింది. వద్దనడానికి బలం తెచ్చుకోవాలని కాబోలు, పాత మందుసీసా వెతికినట్టు వెతికింది. పేరు సరిగా గుర్తులేదు, పాట ఒకటి గుర్తుంది, పాట పట్టుకుని పోతే ఫోనులో సినిమా దొరికింది. మంచం మీద బోర్లా పడుకుని, పదేళ్ళ పిల్లలా కాళ్ళు ఊపుకుంటూ చూసింది. అదే ఇల్లు, అదే గుత్తి చప్పుడు, గడప, బస్సు, కండక్టరు, గాలి. కళ్ళు చెమర్చాయి. శుభం కోసం చూసింది. శుభం రాలేదు. తెర కింద ఎర్రగీత ఇంకా కొసకు చేరలేదు, ఇంకా బోలెడంత దూరం మిగిలి ఉంది. ఆమెకు మొదట అర్థం కాలేదు, ఫోను చెడిందనుకుంది. ఇంతలో దుమ్ము రేపుకుంటూ జీపు వచ్చింది. బస్సుకు అడ్డంగా ఆగింది. భర్త దిగి, కిటికీ కింద నిలబడి, సినిమాలో మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. సుగుణా, అన్నాడు. అంతే. ఆమె ఏడ్చింది, దిగింది, అతని పాదాల మీద పడింది, ఇల్లు చేరింది, గడప మీది గుత్తి తీసి నడుముకు దోపుకుంది, అత్తగారు హారతి ఇచ్చింది, అందరూ ఫోటోకు నిలబడ్డట్టు నిలబడి నవ్వారు, శుభం. ఇరవై ఆరేళ్ళుగా వెతికిన పేరు అట్లా తెలిసింది వినుతకు. ఒక్క పిలుపుకే దిగిపోయిందా. అంత తేలికా. ఫోను మూసి చీకటి తెరలో తన మొహం తానే చూసుకుంది. మోసం చేసింది సినిమానో, టెంటో, తన పదేళ్ళ వయసో తెలియక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

సోమవారం బస్టాండు పక్కన టీ అంగడి పెట్టుకున్న ఆంజనేయప్ప దగ్గర ఆగి అడిగింది. ముసలాయన ముందు ఆలోచించాడు, తర్వాత పడీ పడీ నవ్వాడు. అప్పట్లో చింతామణికీ బాగేపల్లికీ కలిపి సినిమా ఒకటే వచ్చేదట. అక్కడ మధ్యాహ్నం ఆట అయిన రీళ్ళను డబ్బాల్లో పెట్టి, ఒక్కో డబ్బా ఒక్కో బస్సుకు వేసి, చేలూరు మీదుగా ఇక్కడి సాయంత్రం ఆటకు పంపేవాళ్ళట. ముందు డబ్బా తెర మీద తిరుగుతుంటే వెనుక డబ్బా దారిలో ఉండేది. "ఆ పొద్దు చేలూరు కాడ బస్సు చెడిపాయ మేడమ్. కడా డబ్బా, ముగింపుండేది, దాంట్లోనే ఉండె. జనం బెంచీలు విరగ్గొడతారని భయపడి, ఇంగో సినిమా తోక కత్తిరించి శుభం అతికించేసినా. మీరు ఇన్నాళ్ళకు అడగతాండారు, ఆ పొద్దు కొత్త రకమనేసరికి ఒక్కడూ మళ్ళా అడగలేదు." టీ డబ్బులు కూడా తీసుకోలేదు, నవ్వించినందుకు.

అంటే తన జీవితం చేలూరు దగ్గర చెడిపోయిన బస్సు మీద కట్టుకున్నదన్న మాట. ఒక డబ్బా వేళకు వచ్చి ఉంటే, ఆ ఇసుక కుప్ప మీద కూర్చున్న పిల్ల సుగుణ ఇల్లు చేరడం చూసి, హాయిగా నిట్టూర్చి, ఇరవై రెండేళ్ళకు ఆ హొసూరు తోటల పిల్లవాణ్ణి చేసుకుని ఉండేదేమో. గింజ జారింది. పప్పు దూకింది. ఇంకా నయం, ఇంకా వేళ మించలేదు, తప్పు లెక్క అని తెలిశాక బోర్డు తుడిచి మళ్ళీ చేయమని పిల్లలకు తాను రోజూ చెప్పేదే కదా, పురుషోత్తమ్‌కు సరేనంటే లెక్క సరిపోతుంది. ఒక్కసారే చూసింది అతన్ని, చిక్కబళ్ళాపురంలో బడి వదిలాక, హోటల్లో కాఫీకి. చింతామణిలో విత్తనాల అంగడి. మాట్లాడేటప్పుడు కూడా వేళ్ళు ఏదో గింజను నలిపి చూస్తున్నట్టే కదులుతుంటాయి. మొదటి భార్య గురించి తనంతట తానే చెప్పాడు. ఆమెకు నా ఇల్లు సరిపోలేదు మేడమ్, ఒక పొద్దున పోయింది, ఇప్పుడు బెంగళూరులో బాగుంది, అన్నాడు. ఆమె పోయినాక వంట నేర్చుకొన్నా, ముందే నేర్చుకొనుంటే బాగుండునేమో, ఏమో, అన్నాడు. ఆ ఏమో ఆమెకు నచ్చింది. బస్సు వెళ్ళిపోయిన తర్వాత వాకిట్లో మిగిలిపోయిన మనిషిని ఆమె ఎప్పుడూ ఊహించలేదు. టెంటులో అందరూ అడిగిందే అది, మొగుడు యాడికి పాయ, తాను మాత్రం అడగలేదు. అతను జీపు వేసుకుని వెంటబడలేదు. వంట నేర్చుకున్నాడు. నచ్చింది సరే. నచ్చడం వేరు, సాయంత్రానికి తాంబూలం వేరు. ఈ రెండింటి నడుమ ఎంత దూరమో కొలిచే వేళ ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వనీ, ఇవ్వకపోనీ, సరేనంటే ఒక తప్పు దిద్దుకున్నట్టవుతుంది. తాను దిద్దుకుంటుంది, మరి అత్త? అత్త కూడా ఆ శుభం చూసే కదా ద్వారబంధం దగ్గర నిలబడింది. కుట్టుమిషను మీద వంగి వంగి గూనివడిన ఆ వీపుకు ఇప్పుడు ఏమని చెప్పాలి, ఇంకా ఒక డబ్బా ఉండిందత్తా అనా. చెప్పకుండా ఉంటే తాను ఈ సాయంత్రం సరేనన్నది ఎందుకో అత్తకు ఎప్పటికీ తెలియదు. వాళ్ళిద్దరి నడుమ తెలియనిది అంటూ ఇంతవరకూ ఏదీ లేదనే ఆమె నమ్మకం.

"అత్తా."

"ఊఁ."

"నా చిన్నప్పుడు టెంటులో ఒక సినిమా చూస్తిమే. బస్సెక్కి పోతుంది ఆయమ్మ. జ్ఞాపకముండాదా?"

"ఉండాది."

"అది ఆడికి అయిపోలేదు అత్తా. ఇంకా ఉండాది. మొగుడు వస్తాడు. ఆయమ్మ దిగిపోతుంది." పళ్ళెంలో పడిన తోలు ఒకటి ఏరింది. "నేను పోయిన ఆదివారం చూసినా."

అత్త చేతులు ఆగలేదు. ఒక గింజ, ఇంకో గింజ. ఎండ చాప అంచు నుంచి కొంచెం జరిగింది.

"పేరు పెట్టి పిలుస్తాడు," అంది అత్త. "సుగుణా అని."

వినుత చేతిలోని గింజ పితక్కుండానే జారింది. "నీకెట్ల తెలుసు?"

"చింతామణిలోనే చూసినా. మీ మామతోనే. ఈడికి రాకముందే, అది ఆడికి మొదటి మాటు వచ్చినప్పుడు." తోలు దులిపి పక్కన వేసింది. "అప్పటిదాంకా మీ మామ కూడా నన్ను పేరు పెట్టి పిలిచినోడు కాదు. ఆ పొద్దు సినిమా వదిలినాక మల్లెపూలు కొనిచ్చి నవ్వినాడు. చూసినావా లక్ష్మీ, పేరు పెట్టి పిలిస్తే సాలు, ఆడోళ్ళు దిగొస్తారు, అన్యాడు. ఇంగ అప్పట్నుంచీ లక్ష్మీ నీళ్ళు, లక్ష్మీ చెప్పులు, లక్ష్మీ దీపం ఆర్పు. పిలిచినప్పుడల్లా అదే నవ్వు. కొట్టుంటే ఎవురికన్నా చెప్పుకోవచ్చు. నా పేరు పెట్టి పిలుస్తాడు అని ఏ పంచాయితీలో చెప్పేది?"

పెద్దమనుషులకు ఆమె చెప్పని కారణం అది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని కారణం, ఎండ జరుగుతున్న చాప మీద, పప్పు పళ్ళెం పక్కన, చెనక్కాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. వినుతకు అడగవలసింది ఇంకా ఒకటి మిగిలింది.

"కథ తెలిసీ మళ్ళా ఎందుకు పోయినావు? నన్నెందుకు తీసుకొని పోయినావు?"

"ఆ బస్సు ఇంగొకసారి చూడాలని. బస్సు అయినాక నీ చెయ్యి పట్టుకొని లేసి వచ్చేద్దామనుకొంటి. కడా దాంకా ఉండకూడదని ఇంట్లోనే అనుకొని పోయినా." అప్పుడు, ఆ మధ్యాహ్నంలో మొదటిసారి, అత్త చెంపలు సొట్టలు పడ్డాయి. "కొంగు దులుపుకొని లేస్తాండా, శుభం పడె. లేసే పని లేకపాయ."

"నేను... సినిమా చూసి నువ్వు రానంటివి అనుకొన్నా అత్తా. ఇన్నేళ్ళూ."

"సినిమా చూసి మొగుణ్ణి వదిలేంత పిచ్చిదాన్నా నేను?" అంది అత్త. తర్వాత తల ఎత్తి, మేనకోడలి మొహం వైపు, కొలత తీసేటప్పుడు చూసినట్టు, నిదానంగా చూసింది. "నువ్వు సినిమా చూసి పెండ్లి వద్దంటివా ఏమి?"

వినుత తల దించి, జారిపోయిన గింజ కోసం చాప మీద వెతికింది.

"అట్లయితే, ఇప్పుడు సినిమా చూసి సరేనంటావా?"

పెరటి గోడ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్నారు, రాయి మీద గుడ్డ దెబ్బ, నీళ్ళ చప్పుడు, మళ్ళీ దెబ్బ. ఆ దెబ్బకూ దెబ్బకూ నడుమ వినుత లోపల పెద్ద ఖాళీ ఒకటి ఏర్పడింది. భయపెట్టే ఖాళీ కాదు, పండగకు సామానంతా బయట పెట్టి కడిగిన గదిలాంటిది, అడుగు పెడితే చల్లగా తగిలేది. బస్సులో పోయే సుగుణ లేదు అందులో, దిగివచ్చే సుగుణా లేదు. హోటల్లో గింజ నలిపే వేళ్ళున్నాయి, ఒక ఏమో ఉంది, కళ్ళతో చూడని ఒక ఇల్లు ఉంది. ఆ ఇంట్లో వంటగది కిటికీ ఎటువైపో, అతను కోపమొస్తే ఎట్లా ఉంటాడో, ఆమె వద్దన్న మాటను ఎట్లా వింటాడో, ఏదీ తెలియదు. తెలియదన్న సంగతి ఇంత తేటగా ఎప్పుడూ తెలియలేదు. చేతులు కడుక్కుంది. ఫోను తీసుకుని పెరట్లోకి నడిచింది, మళ్ళీ ఆగింది, అత్తకు వినబడని మాట ఏముందని వసారా మెట్టు మీదనే కూర్చుంది.

"చెప్పండి మేడమ్," అన్నాడు పురుషోత్తమ్. "అంగడి మూస్తాండా. ఇంగ కొంచేపటికి బయలుదేరతాము."

"ఈ పొద్దు రావద్దండి."

అటువైపు షట్టరు దిగుతున్న చప్పుడు సగంలో నిలిచింది.

"వద్దంటారా మేడమ్?"

"వద్దని కాదు. సరే అని కూడా కాదు. తాంబూలానికి ముందు మీ ఇల్లు చూడాలి. ఆదివారం నేను వస్తాను."

"ఇల్లు చూసేదానికి పెద్దోళ్ళు కదా వచ్చేది. పిల్ల రాదు కదా మామూలుగా."

"రాదు. నేను వస్తాను."

అటువైపు రోడ్డు మీద ఏదో ట్రాక్టరు పోతున్నది వినబడింది. "మా అమ్మ పూలు తెప్పించేసింది మేడమ్, బుట్టెడు," అన్నాడు చివరికి.

"అమ్మగారినే పెట్టుకోమనండి. బాగుంటాయి."

"ఆయమ్మకు ఏమని చెప్పేది?"

"నాకు మీరింకా తెలీదని చెప్పండి."

"నాకు కూడా మీరు తెలీదు," అన్నాడు. నింద కాదు అది. బరువు దించుకున్న మనిషి గొంతు. "ఒక్క కాఫీకి అందరూ ఇంత దూరం తెచ్చేసినారు. నిలపండి అని ఎట్ల చెప్పల్లో నాకు తెలీకపాయ. రండి ఆదివారం. వంట నేనే చేస్తా. బాగలేకపోతే బాగలేదని చెప్పల్ల మీరు."

"చెప్తాను."

ఫోను ఒడిలో పెట్టుకుని వినుత కూర్చుంది. లోపల ఈసారి ఏ బస్సూ స్టార్టు కాలేదు. సాయంత్రం ఇంకా రాలేదు, వచ్చినా అది ఎవరి కోసమూ కాదు.

"ఆశకి ఎవురు చెప్తారు?" అంది అత్త.

"నేనే చెప్తా."

"చెవికి దూరంగా పెట్టుకో ఫోను."

వినుత నవ్వింది, ఈసారి పూర్తిగా. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ, నిదానంగా. తర్వాత, ఎటో చూస్తూ, "ఆదివారం నేనూ వస్తా," అంది.

వినుత తల తిప్పింది. రేకుపెట్టెతో వచ్చిన నాటి నుంచి అత్త చింతామణి బస్సు ఎక్కలేదు. ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళకు రవికలు కుట్టి పంపింది, చావులకు ఇక్కడే తలస్నానం చేసింది, మామ పోయాడని తెలిసిన రోజు కూడా నెత్తిన నీళ్ళు పోసుకుని వచ్చి మిషను ముందు కూర్చుంది. ఆ ఊరి పేరున్న బోర్డు పెట్టిన బస్సు వస్తే పక్కకు జరిగి నిలబడే మనిషి.

"ఎందుకత్తా?"

"ఇల్లు చూసేదానికి పెద్దోళ్ళు పోవల్ల కదా," అంది లక్ష్మీనరసమ్మ. "ఈ ఇంట్లో పెద్దదాన్ని నేను కదా."